నుదుటి మీద నాగజెముడు

పాఠకుల ప్రశ్నలు, టెక్సస్ నుంచి జవాబులు

పోయిన సంచికలో మా రియో గ్రాండే లోయ ఎన్నికల గురించి నాలుగు ముక్కలు రాశాను. మెక్సికన్ మూలాలున్న ఊళ్ళే సరిహద్దు గట్టిగా కాస్తానన్న ట్రంప్‌కి ఓటేశాయని అందులో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు, ఇక్కడి ఎండకి గోంగూర ఎలా పెంచానో రాసినప్పుడు కూడా రాలేదు. అందుకని ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టాను. వీసా స్టాంపింగ్ గురించి అడిగినవాళ్ళు వచ్చే నెలదాకా ఓపిక పట్టాలి.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక మాట. నేను తెనాలి దగ్గర పల్లెటూరిదాన్ని, ఫిజియోథెరపిస్టుని. 1996లో ఉద్యోగానికని టెక్సస్ కొసన ఉన్న ఎడిన్‌బర్గ్‌కి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మెక్సికో మా ఇంటికి అరగంట దూరం. పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళి మోకాళ్ళు, నడుములు, పక్షవాతం వచ్చిన చేతులు చూసే పని నాది. వ్యాయామం చేయించే ముప్పావుగంటలో మనుషులు నొప్పి మరిచిపోవడానికి ఏదో ఒకటి మాట్లాడతారు. నాకు తెలిసినదాంట్లో సగం అలా విన్నది, మిగతా సగం చదివింది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వాడి ఆఫీసులో ఒక మెక్సికన్ ఆయన "సరిహద్దు మూసేయాలి, దొంగచాటుగా వచ్చినవాళ్ళందర్నీ పంపేయాలి" అంటాడట. తన వాళ్ళ మీద తనకే అంత కోపమా? ఏరు దాటి తెప్ప తగలేయడం కాదా ఇది? (రిటైర్డ్ టీచర్, రాజమండ్రి)

మాస్టారూ, గోదావరి ఒడ్డున కూర్చుని అన్నారు కాబట్టి సామెత బాగానే కుదిరింది. కానీ ముందు ఆ ఏటి సంగతి చూద్దాం.

మా పక్కనే స్టార్ కౌంటీ ఉంది, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. రియో గ్రాండే సిటీ, రోమా అని రెండు చిన్న ఊళ్ళు. నూటికి 97 మంది స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళే, అంటే హిస్పానిక్‌లే. అక్కడి కొన్ని కుటుంబాల భూములు 1767లో స్పెయిన్ రాజు పేరిట పంచిన పట్టాలు. అప్పటికి అమెరికా అనే దేశమే లేదు. 1848లో మెక్సికో అమెరికాతో యుద్ధంలో ఓడి ఒప్పందం మీద సంతకం పెట్టాక ఊరి వెనక పారే రియో గ్రాండే నది సరిహద్దు అయింది. వీళ్ళలో చాలామంది ముత్తాతలు ఏ ఏరూ దాటలేదు. సరిహద్దే వచ్చి వాళ్ళ పెరట్లో కూర్చుంది. మీ అబ్బాయి ఆఫీసులో ఆయన కథేమిటో నాకు తెలీదు. ఎందుకైనా మంచిది, తెప్ప సంగతి ఎత్తే ముందు ఒకసారి అడగమనండి.

ఇప్పుడు నా పేషెంటు ఒకాయన గురించి చెబుతాను. ఈ నెల జవాబులన్నిట్లోనూ ఆయన కనిపిస్తాడు. ఎనభైకి దగ్గర పడ్డాడు, రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాడు. నన్ను "మిహా" అంటాడు, అంటే "అమ్మాయీ" అని. కాగితాలు లేకుండా వచ్చేవాళ్ళంటే ఆయనకి పడదు. ఎందుకో మూడో వారంలో చెప్పాడు.

1966లో ఆయనకి ఇరవై ఏళ్ళు. స్టార్ కౌంటీ ఖర్బూజా తోటల్లో కూలి. జూన్ 1న ఆ తోటల్లో సమ్మె మొదలైంది. గంటకి డాలరు పాతిక ఇమ్మని అడిగారు. అప్పుడు చాలామందికి డాలరు కూడా రావడం లేదు. జులైలో బయల్దేరి ఎర్రటి ఎండలో రాష్ట్ర రాజధాని ఆస్టిన్ దాకా నాలుగొందల మైళ్ళకి పైగా నడిచి వెళ్ళారు. గవర్నర్ కానలీ దారిలోనే న్యూ బ్రౌన్‌ఫెల్స్ దగ్గర ఎదురొచ్చి, మీరు ఆస్టిన్ చేరేసరికి నేను అక్కడ ఉండను అని చెప్పి పోయాడు. తోటల యజమానులు మాత్రం ఏం కంగారు పడలేదు. రోజూ పొద్దున్నే రోమా వంతెన మీదుగా మెక్సికో నుంచి మనుషులు వస్తుంటే పంట ఆగుతుందా? అక్టోబరులో సమ్మెదారులు ఆ వంతెన మీద అడ్డంగా పడుకున్నారు. వాళ్ళలో ఈయన అన్న కూడా ఉన్నాడట. ఈడ్చి జైల్లో వేశారు. సమ్మెదారుల మీద టెక్సస్ రేంజర్లు (రాష్ట్ర పోలీసు దళం) చేసిన దౌర్జన్యం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1974లో రేంజర్లదే తప్పని తేలింది. అప్పటికి సమ్మె చచ్చి ఏడేళ్ళయింది. 1967 సెప్టెంబరులో వచ్చిన బ్యూలా తుఫాను తోటల్నీ సమ్మెనీ కలిపి ఊడ్చేసింది.

"వంతెన దాటి వచ్చినవాళ్ళ మీద నాకేం కోపం లేదు, వాళ్ళ పిల్లలకీ ఆకలే. కానీ వాళ్ళు వస్తున్నన్నాళ్ళూ నాకు డాలరు పాతిక రాలేదు మిహా" అంటాడు పెద్దాయన. ఈ మాట ఆయన నోట కనీసం ఇరవై సార్లు విని ఉంటాను, ఎప్పుడూ మోకాలు వంచే దగ్గరే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆ రోజు వంతెన దాటి వచ్చినవాళ్ళలో చాలామందికి గ్రీన్ కార్డులున్నాయి. కాపురం అటు, కూలి ఇటు. చట్టం ప్రకారమే వచ్చారు. అంటే ఆ గొడవ మొదలైంది కూలి దగ్గర, కాగితాల దగ్గర కాదు. అరవై ఏళ్ళలో కూలి మాట వెనక్కి పోయి కాగితాల మాట ముందుకొచ్చింది. ఎందుకు? కూలి పెంచమంటే రేంజర్లొచ్చి కొట్టారు. కాగితాలు చూడమంటే ప్రభుత్వం ఆఫీసర్లని పంపింది. ఇది నా ఊహ మాత్రమే, పెద్దాయన ఒప్పుకోడు.

స్టార్ కౌంటీ 2016లో హిల్లరీ క్లింటన్‌కి నూటికి 79 ఓట్లిచ్చింది. 2024లో ట్రంప్‌కి 57 పైచిలుకు ఇచ్చింది. అక్కడ రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి గెలవడం 1892 తర్వాత అదే. దేశం మొత్తం మీద చూస్తే, సర్వేలు చేసే ప్యూ రిసెర్చ్ సెంటర్ లెక్కలో హిస్పానిక్ ఓటర్లలో ట్రంప్ వాటా 2020లో 36 శాతం, 2024లో 48 శాతం. ఇదంతా సరిహద్దు వల్లే అనుకోకండి. గుడ్ల ధర, అద్దెలు, ట్రక్కులో పోసే డీజిల్ గురించే నేను ఎక్కువ విన్నాను. కానీ 2023 ఆర్థిక సంవత్సరంలో దక్షిణ సరిహద్దులో అధికారులు దాదాపు 25 లక్షల సార్లు మనుషుల్ని ఆపారు. టీవీలో చూసేవాళ్ళకి అదొక అంకె. ఇక్కడివాళ్ళకి మాత్రం అర్ధరాత్రి పోలీసు బండి తరిమితే స్మగ్లర్ కారు తమ కంచె గుద్దుకుని ఆగడం, అందులోంచి పది మంది దూకి తలో దిక్కుకి పరిగెత్తడం. మా ఇంటికి రెండు వీధుల అవతల నేనే చూశాను. వాళ్ళలో ఒకడికి పదిహేనేళ్ళు కూడా ఉండవు. వాడి కాలికి ఒక్క చెప్పే ఉంది.

ప్రశ్న: హిస్పానిక్, మెక్సికన్ ఒకటేనా ఆంటీ? (విద్యార్థి, కరీంనగర్)

ఒకప్పుడు ఉత్తరాదివాళ్ళకి మనమందరం మద్రాసీలమే. అలాంటిదే ఇది.

ప్యూర్టోరికోవాళ్ళు 1917 నుంచీ అమెరికా పౌరులు, వాళ్ళకి వీసా గొడవే లేదు. క్యూబావాళ్ళకి 1966లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. వచ్చి ఏడాదో రెండేళ్ళో ఉంటే గ్రీన్ కార్డు. పడవలో వచ్చినా నేల మీద కాలు పెడితే చాలు అన్న సౌకర్యం 2017 జనవరి దాకా నడిచింది. మెక్సికోవాళ్ళకి ఇవేవీ లేవు. అమెరికా పౌరుడు మెక్సికోలో ఉన్న తమ్ముడి కోసం ఇవాళ దరఖాస్తు పెడితే, వంతు వచ్చేసరికి ఇరవై ఏళ్ళు దాటిపోతుంది. మయామిలో ఒక క్యూబా ఆయన "మేం లైన్లో వచ్చాం" అంటే మా పెద్దాయన నవ్వుతాడు. "మీ లైను చాలా పొట్టిది కదయ్యా!" అని.

ప్రశ్న: సొంత జాతికి వ్యతిరేకంగా మాట్లాడినవాళ్ళని మిగతావాళ్ళు ఏమంటారు? వెలేస్తారా? (గృహిణి, వరంగల్)

తిట్లకి లోటేం లేదు. "వెందీదో" అంటే అమ్ముడుపోయినవాడు. "మలించిస్తా" అంటే పరాయివాడి పంచన చేరినవాడు. అయిదొందల ఏళ్ళ కిందట మెక్సికోని ఆక్రమించిన స్పెయిన్ సేనాని కోర్తెస్‌కి దుబాసీగా ఉన్న మలించే అనే స్త్రీ పేరు మీద పుట్టిన తిట్టు. పాపం ఆవిడ బానిసగా చేతులు మారి అక్కడికి చేరింది, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. "కోకో" అంటే కొబ్బరికాయ, పైన గోధుమరంగు, లోపల తెలుపు. దేవుడికి కొట్టే వస్తువు తిట్టు ఎలా అయిందని నాకు మొదట్లో చాలా ఆశ్చర్యం.

అన్నిటికన్నా ఘాటైనది నాగజెముడు. వాళ్ళు దాన్ని "నోపాల్" అంటారు, ముళ్ళు గీకి కూర వండుకుంటారు, మెక్సికో జెండా మీద కూడా ఉంటుంది. ఎవరైనా తాను మెక్సికన్ కానట్టు మాట్లాడితే "నుదుటి మీద నోపాల్ పెట్టుకుని ఈ మాటలేంటి" అంటారు. మొహం చూస్తేనే తెలిసిపోతుంటే ఇంకా దాపరికం దేనికి అని అర్థం.

ఇక వెలి సంగతి. పెద్దాయన కొడుకు సరిహద్దు కాపలా కాసే బోర్డర్ పెట్రోల్‌లో ఉద్యోగి. ఇదేమీ వింత కాదు, ఆ శాఖలో దాదాపు సగం మంది హిస్పానిక్‌లే. మా వైపు డిగ్రీ లేకుండా మంచి జీతం, ఆరోగ్య బీమా, పెన్షన్ ఇచ్చే ఉద్యోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. పెద్దాయన మేనకోడలు శాన్ ఆంటోనియోలో టీచరు. ఆమె క్లాసులో పిల్లల అమ్మానాన్నల్లో కాగితాలు లేనివాళ్ళున్నారు.

డిసెంబరులో వీళ్ళ ఇళ్ళలో తమాలెల పండగ ఉంటుంది. మొక్కజొన్న పిండి ముద్దలో మాంసం పెట్టి, పొత్తు రేకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆడవాళ్ళంతా బల్ల చుట్టూ చేరి ఒకరు పిండి రాస్తే ఒకరు చుడతారు, మన సంక్రాంతి అరిసెల హడావిడిలాగే. మూడేళ్ళ కిందట నన్నూ పిలిచారు. నేను శాకాహారిని కాబట్టి రేకులు కడిగే పని ఇచ్చారు. మధ్యాహ్నం కొడుకు డ్యూటీ నుంచి ఆకుపచ్చ యూనిఫాంలోనే వచ్చాడు. మేనకోడలు చెయ్యి తుడుచుకుని లేచింది. "నీ ఒంటి మీద బట్టలు చూస్తే నా క్లాసులో పిల్లలు బల్ల కింద దాక్కుంటారు" అంది. అతను "మీ నాన్న ఆసుపత్రి బిల్లుకి సాయం చేసింది ఈ బట్టలే" అన్నాడు. ఆ తర్వాత స్పానిష్‌లో చాలా వేగంగా మాట్లాడుకున్నారు. నాకు సగమే అర్థమైంది, ఆ సగం ఇక్కడ రాయలేను. ఆమె ఇద్దరు పిల్లల్నీ తీసుకుని ఒక్క తమాలె కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. వెళ్తుంటే బావ వెనక నుంచి "పోచా" అని అరిచాడు. అంటే స్పానిష్ సరిగా రాని అమెరికన్ మెక్సికన్ అని. తిట్లు రెండు వైపులా ఉన్నాయి చూడండి.

ఆ ఆదివారం నేను శాన్ ఆంటోనియో గుడికి వెళ్తున్నానని తెలిసి, పెద్దాయన భార్య మూడు డజన్ల తమాలెలు రేకు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది, మేనకోడలికి ఇమ్మని, ఆయనకి చెప్పొద్దని. పంది మాంసంతో గుడికి ప్రయాణం! దారిలో ఫాల్‌ఫూరియస్ దగ్గర చెక్‌పోస్టు ఉంటుంది. సరిహద్దుకి డెబ్భై మైళ్ళ లోపల, ఉత్తరానికి పోయే ప్రతి బండినీ ఆపి "అమెరికా పౌరులేనా?" అని అడుగుతారు. అడిగిన కుర్రాడి పేరు పలక మీద స్పానిష్ ఇంటిపేరే ఉంది. కారులోకి తొంగిచూసి, వాసన పీల్చి, "ఎవరి అమ్మ చేసింది?" అన్నాడు. ముందు మేనకోడలి ఇంట్లో దింపేసి, చేతులు రెండుసార్లు కడుక్కుని గుడికి వెళ్ళాను. ఆమె తీసుకుంది. థాంక్స్ అయితే చెప్పలేదు.

వెలి అంటే ఇంతవరకే చూశాను. పెద్దాయన భార్య ఇంకో చిత్రం. సిస్టర్ నోర్మా పిమెంటెల్ అనే కాథలిక్ సన్యాసిని 2014లో మెక్అలెన్‌లో వలస వచ్చినవాళ్ళ కోసం ఆశ్రయం మొదలుపెట్టింది. స్నానం, వేడి సూపు, ఉతికిన బట్టలు, బస్ టికెట్ కొనుక్కోడానికి సాయం. పెద్దాయన భార్య అక్కడ శుక్రవారాలు బట్టలు మడతపెట్టి వచ్చేది. ఆయనే కారులో దింపేవాడు, దారంతా సణుగుతూ.

ప్రశ్న: రైతు కూలీల నాయకుడు సీజర్ చావెజ్ కూడా అక్రమ వలసని వ్యతిరేకించాడని ఎక్కడో చదివాను. నిజమేనా, లేక కల్పించారా? (న్యాయశాస్త్ర విద్యార్థి, హైదరాబాద్)

నిజమే. ఈ మధ్య ఆ మాట వాడుకునేవాళ్ళు సగం దగ్గరే ఆపేస్తారు, అదీ నిజమే.

1942 నుంచి 1964 దాకా "బ్రసేరో" ఒప్పందం కింద మెక్సికో కూలీలని తాత్కాలికంగా తెచ్చేవారు. ఆ పథకం ఉన్నన్నాళ్ళూ పొలాల్లో సంఘం నిలబడే వీల్లేదు, సమ్మె అంటే మర్నాడు ఇంకో బస్సు వస్తుంది. అందుకే చావెజ్ ఆ పథకం మీద పోరాడాడు. అది రద్దయిన మరుసటి ఏడే, 1965లో, డెలనో ద్రాక్ష సమ్మె వచ్చింది. మొదలుపెట్టింది లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఫిలిప్పీన్స్ కూలీలు, ఎనిమిది రోజుల తర్వాత చావెజ్ సంఘం కలిసింది. ఈ ముక్క చాలామంది వదిలేస్తారు కాబట్టి రాస్తున్నాను. 1969లో సమ్మె విరగ్గొట్టే కూలీలని తేవద్దంటూ సరిహద్దు దాకా పాదయాత్ర చేశాడు. 1974లో చావెజ్ సంఘం కాగితాల్లేని కూలీల గురించి ప్రభుత్వానికి ఫిర్యాదులు చేయించింది. అదే ఏడు అరిజోనా నిమ్మతోటల సమ్మెలో చావెజ్ దాయాది మాన్యువల్ సరిహద్దు వెంట గుడారాలు వేయించి, దాటి వచ్చేవాళ్ళని అడ్డుకునే కాపలా పెట్టాడు. ఆ రాత్రుళ్ళు కొందరిని చితకబాదారు. ఆ కథ వీరగాథల్లో ఉండదు.

అప్పుడు ఎదిరించింది ఎవరనుకున్నారు? మెక్సికన్ అమెరికన్లే. బర్ట్ కరోనా అనే కార్మిక నాయకుడు, కాగితాల్లేనివాళ్ళని కూడా సంఘంలో చేర్చుకోవాలి, పట్టించకూడదు అని గట్టిగా నిలబడ్డాడు. ఒత్తిడికి చావెజ్ మెత్తబడ్డాడు. ఆ ఏడాది చివర పత్రికకి రాసిన ఉత్తరంలోనే వాళ్ళు మా సోదరులన్నాడు, క్షమాభిక్షకి మద్దతన్నాడు. 1986లో క్షమాభిక్ష చట్టం వచ్చినప్పుడు సంఘం దాని పక్షానే ఉంది. సుమారు 27 లక్షల మందికి దానివల్ల కాగితాలొచ్చాయి. మా పెద్దాయన బావమరిది ఆ 27 లక్షల్లో ఒకడు. ఇప్పుడు ఆ ఇంట్లో "పంపేయండి" అని అందరికన్నా గట్టిగా అరిచేది ఆయనే. రాజమండ్రి మాస్టారూ, మీ తెప్ప సామెత ఇక్కడ వాడుకోండి, నేను అడ్డు చెప్పను.

ఇంకా వెనక్కి వెళ్తే, 1929లో కార్పస్ క్రిస్టీలో పుట్టిన లులాక్ అనే మెక్సికన్ అమెరికన్ల సంఘం మొదట అమెరికా పౌరులనే సభ్యులుగా తీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన మెక్సికన్ అమెరికన్ సైనికుల కోసం డాక్టర్ హెక్టర్ గార్సియా 1948లో పెట్టిన జి.ఐ. ఫోరం, కాగితాల్లేని కూలీల వల్ల టెక్సస్ కూలి రేట్లు పడిపోతున్నాయని 1953లో పుస్తకమే వేసింది. తర్వాత రెండు సంఘాలూ మారాయి. ఎల్ పాసోలో 1993లో సరిహద్దు పొడుగునా నాలుగొందల మంది ఏజెంట్లని వరసగా నిలబెట్టిన బోర్డర్ పెట్రోల్ అధికారి సిల్వెస్ట్రే రేయెస్ కూడా మెక్సికన్ అమెరికనే. అవతలి హువారెస్ నుంచి రోజూ వచ్చే పనిమనుషులు ఆగిపోయారు, దుకాణాలకి బేరాలు పడిపోయాయి, చర్చి తప్పు పట్టింది. అయినా ఊళ్ళో హిస్పానిక్ వీధుల్లో చాలామంది హమ్మయ్య అనుకున్నారు. కారణం ఉంది. అంతకు ముందు ఏజెంట్లు దాటినవాళ్ళని వెతుకుతూ వీళ్ళ పిల్లల హైస్కూలు ఆవరణలో దూరి పౌరులని కూడా నిలదీసేవాళ్ళు, ఆ గొడవ కోర్టు దాకా వెళ్ళింది. నది ఒడ్డునే ఆపితే ఇంటి దగ్గరకి రారు కదా అన్న లెక్క. రేయెస్ 1996లో డెమొక్రాట్‌గా కాంగ్రెస్‌కి గెలిచాడు. మీ పరీక్షకి ఇది పనికిరాకపోవచ్చు గానీ గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: నేను పన్నెండేళ్ళుగా గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాను. పన్నులు కడుతున్నాను, ఒక్క రోజు స్టేటస్ తప్పలేదు. ఆ హిస్పానిక్‌లు చెప్పేదే మేమూ చెబుతున్నాం. ఇందులో తప్పేముంది అక్కా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఫ్రిస్కో)

తప్పని నేనెందుకంటాను తమ్ముడూ, ఆ క్యూ టెన్షన్ నాకు తెలుసు. రూల్ పాటించినవాడిని పన్నెండేళ్ళు నిలబెట్టి, మిగతావాళ్ళ సంగతి తర్వాత చూద్దామంటే ఎవరికైనా మండుతుంది. మా పెద్దాయన కోపమూ, మీ కోపమూ ఒక చోట కలుస్తాయి.

కాకపోతే మీకు కనీసం నిలబడడానికి ఒక క్యూ ఉంది. చదువు పెద్దగా లేని కూలీకి ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ప్రపంచం మొత్తానికి కలిపి ఏడాదికి పదివేలు మించవు. పొలం పనికి సీజన్ వీసా ఉంది, అది అయిపోగానే వెనక్కి వెళ్ళాలి. "లైన్లో రావచ్చు కదా" అని నేనూ చాలా ఏళ్ళు అన్నాను. ఆ లైను ఎక్కడుందో చూడమని పెద్దాయన మేనకోడలు ఒకసారి కాగితం మీద గీసి చూపించింది. గీత మధ్యలోనే ఆగిపోయింది.

రెండోది, ఇది మెక్సికోవాళ్ళ గొడవ మాత్రమే అనుకోవద్దు. అమెరికాలో కాగితాల్లేని భారతీయులు 2021 నాటికి 7,25,000 మంది ఉంటారని ప్యూ అంచనా. ఆ లెక్కలో మెక్సికో, ఎల్ సాల్వడార్ తర్వాత మనమే. 2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌లో దిగిన సైనిక విమానంలో 104 మంది మనవాళ్ళున్నారు, సంకెళ్ళతో వచ్చారు.

మన తెలుగువాళ్ళ సంగతి చెప్పనా? 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. క్లాసులు లేవు, మేష్టర్లు లేరు, అసలు యూనివర్సిటీయే లేదు. ఇమిగ్రేషన్ అధికారులు వలగా పెట్టిన ఉత్తుత్తి కాలేజీ. మొదటి విడతలో పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో ఒక్కరు తప్ప అందరూ భారతీయులు. వాళ్ళలో తెలుగు పిల్లలే ఎక్కువ. కమీషన్ తీసుకుని చేర్పించిన ఎనిమిది మంది మీద కేసు పెట్టారు, ఆ పేర్లు చూస్తే మన ఊళ్ళే గుర్తొచ్చాయి. ఆ వారం మన వాట్సాప్ గ్రూపుల్లో రెండే మాటలు. ఒకటి, పాపం పిల్లల్ని మోసం చేశారు. రెండు, వీళ్ళ వల్ల మన పేరు పోయింది, పంపేస్తే పీడా పోతుంది.

రెండో మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అందులోనూ గ్రూపులో, అందరూ చదివేలా. అరగంట తర్వాత తెలిసింది, ఆ పట్టుబడ్డ పిల్లల్లో ఒకడు మా దూరపు బంధువుల అబ్బాయని, వాళ్ళమ్మ ఆ గ్రూపులోనే ఉందని. మెసేజ్ తీసేశాను గానీ ఆవిడ అప్పటికే చూసేసింది. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఇప్పటికీ "బాగున్నావా" దగ్గరే ఆగిపోతుంది. మా నుదుటి మీద ఏ మొక్క ఉందో నాకు తెలీదు.

ప్రశ్న: 2024లో ఓటేసిన ఆ హిస్పానిక్‌లకి ఇప్పుడు బుద్ధొచ్చిందట కదా! (వ్యాపారి, విజయవాడ)

మీ ఆశ్చర్యార్థకం గుర్తు నాకు నచ్చలేదండీ, ఏమీ అనుకోకండి.

2025 వేసవిలో లాస్ ఏంజెలెస్‌లో కార్లు కడిగే చోట, కూలీలు నిలబడే అడ్డాల దగ్గర మనుషుల్ని పట్టుకెళ్ళారు. రూపం, భాష, చేసే పని మాత్రమే చూసి ఆపకూడదని కింది కోర్టు అంటే, సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది. మా లోయలో ఇళ్ళు కట్టే చోట్ల కూడా దాడులు జరిగాయి. కాగితాలున్నవాళ్ళు కూడా పనికి రావడం మానేశారు. పునాది దగ్గర ఆగిపోయిన ఇళ్ళు నా రోజువారీ దారిలోనే కనిపిస్తాయి.

పెద్దాయనకి మెట్లు కష్టమని ముందు వాకిలికి చెక్క ర్యాంపు కట్టించమన్నాను. ఇరవై ఏళ్ళుగా ఆ వీధిలో అందరికీ పనిచేసే వడ్రంగి మొదలుపెట్టాడు. ఒక సోమవారం రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. పెద్దాయన చాలా కోపంగా ఉన్నాడు. ఓటు తప్పు వేశానని మాత్రం అనలేదు. నది దగ్గర ఆపమన్నాను గానీ ఆ మనిషిని పట్టుకోమన్నానా, వాడి కూతురు మా చర్చిలోనే బాప్టిజం తీసుకుంది కదా, అని అడిగాడు. నన్నే అడిగాడు, నేనేదో సమాధానం చెప్పగలనన్నట్టు. బావమరిది అదే గదిలో ఉన్నాడు, "చట్టమంటే చట్టం" అన్నాడు. పెద్దాయన టీవీ సౌండు పెంచాడు. కొడుకు ఈ మధ్య యూనిఫాం కారులోనే మార్చుకుని ఇంట్లోకి వస్తున్నాడు. మేనకోడలు మాత్రం ఇంకా రాలేదు.

ర్యాంపు సగంలో ఉంది. పెద్దాయన పెరటి వైపు నుంచి, గోడ పట్టుకుని, పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. అంకెలు తెలుగులో నేర్చుకున్నాడు, "నాలుగు" దగ్గర నాలిక తిరగదు. పోయిన మంగళవారం నేను బయల్దేరుతుంటే కారు దాకా వచ్చి, "పాస్‌పోర్టు బండిలో పెట్టుకున్నావా మిహా?" అని అడిగాడు. నేను పౌరసత్వం తీసుకుని పదిహేనేళ్ళు దాటింది, ఆ సంగతి ఆయనకి తెలుసు.

ఉందని చెప్పాను. నిజంగానే ఉంది.